అమ్మకొచ్చిన మతిమరుపు నాకూ మొదలైందా?

గోదావరి జిల్లాల నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. కుదించి ఇస్తున్నాను. ఆవిడకి 48 ఏళ్లు, ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరు. భర్తది షిఫ్టు డ్యూటీ. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. 76 ఏళ్ల తల్లి మూడేళ్లుగా వీళ్ల దగ్గరే ఉంటున్నారు. అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చి రెండున్నరేళ్లయింది. వారంలో నాలుగు రాత్రులు ఒంటిగంటకో మూడింటికో లేచి, "మా ఇంటికి పోతాను" అంటూ వీధి తలుపు గడియ తీయబోతుందట. ఈవిడ నిద్ర పదకొండున్నర నుంచి నాలుగున్నర దాకా, అదీ ముక్కలు ముక్కలుగా.

"ఇప్పుడు నాకూ మొదలైంది" అంటారు. రైతుబజారుకి స్కూటీ మీద వెళ్లి, ఆటోలో ఇంటికొచ్చేశారు. స్కూటీ అక్కడే ఉందన్న సంగతి సాయంత్రం దాకా గుర్తు రాలేదు. పొయ్యి మీద పాలు మాడ్చేయడం మూడుసార్లు. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పద్యం తొమ్మిదో తరగతిలో మూడో పాదం దగ్గర ఆగిపోతే పిల్లలే అందించారు. భయమేసి ఒక డైరీ పెట్టి, మర్చిపోయిన ప్రతిదీ తేదీ, వేళ వేసి రాయడం మొదలెట్టారు. నాలుగు నెలల్లో 23 అయ్యాయి. ఆ పేజీల ఫోటోలు కూడా పంపారు.

ఆరోగ్యం సంగతి: ఆరేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. బీపీ మాత్ర "తగ్గినట్టు అనిపిస్తే ఆపేస్తాను" అన్నారు. శాకాహారి. ఏడాదిగా నెలసరి సక్రమంగా లేదు, ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. మందుల షాపతను ఇచ్చిన నిద్రమాత్ర వారానికి మూడు నాలుగు సార్లు సగం వేసుకుంటున్నారు. జ్ఞాపకశక్తికని ఒక పొడి తెప్పించుకున్నారు. కూతురు ఫోన్లో పజిల్స్ యాప్ పెట్టింది. తెల్లవారుజాము వాకింగ్ తొమ్మిదో రోజున ఆగిపోయింది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు అమ్మని ఏదైనా హోమ్‌లో చేర్పిద్దాం అంటున్నాడు. "నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పని చేయను" అన్నది ఈవిడ మాట.

అడిగినవి మూడు. అమ్మ జబ్బు నాకు వచ్చేసిందా, జీన్ టెస్టు చేయించుకోవాలా? మెదడూ ఒళ్లూ బాగుండాలంటే రోజూ ఏం చేయాలి? అమ్మ విషయంలో ఏది సబబు?

* * *

టీచరు గారూ,

మీ ఉత్తరం ఒకసారి చదివాను, డైరీ మాత్రం మూడుసార్లు చదివాను. ఇన్నేళ్లు ఓపీలో కూర్చున్నాను కానీ ఇంత శుభ్రంగా రోగచరిత్ర రాసుకొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మీరు దాన్ని నేరాల చిట్టాలా రాసుకున్నారు. నేను ఒక పెన్సిల్ తీసుకుని పక్కన టిక్కులు పెడుతూ చదివాను.

23లో 14 ఉదయం ఆరింటికీ ఎనిమిదిన్నరకీ మధ్య జరిగినవే. 11 సంఘటనల పక్కన మీరే చిన్న అక్షరాలతో "రాత్రి అమ్మ లేచింది" అని రాసుకున్నారు. ఇంకొకటి చూడండి. మే నెలలో మీ తమ్ముడు వచ్చి పన్నెండు రోజులున్నాడు, రాత్రిపూట అమ్మ గదిలో అతనే పడుకున్నాడు. ఆ పన్నెండు రోజుల్లో డైరీలో ఒక్క అక్షరం లేదు. సెలవులు కదా, హడావుడి ఉండదు అంటారేమో. అతను వెళ్లిపోయాక కూడా సెలవులే. ఆ మిగతా రోజుల్లో మూడున్నాయి.

మీరు తెలుగు టీచరు కాబట్టి మీ భాషలోనే చెబుతాను. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్ని ఒక మనిషి కాచుకోవాలి. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డం పడతారు, ఒకరు గంట కొడతారు, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి "అవధాని గారూ, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?" అంటాడు. ఇంతా అయ్యాక అన్ని పద్యాలూ అప్పజెప్పడాన్ని ధారణ అంటారు. ధారణ కుదరాలంటే ముందు అవధానం, అంటే ఏకాగ్రత, కుదరాలి. చెవిలో పడనిది నోటికి రాదు. ఉదయం ఏడింటికి మీ వంటింట్లో పొయ్యి మీద పాలు, రెండో పొయ్యి మీద పప్పు, అమ్మకి స్నానం, మీ వారి క్యారేజీ, స్కూల్ వాట్సాప్ గ్రూపులో హెచ్చెమ్ మెసేజ్. అవధానికి రాత్రి నిద్రయినా ఉంటుంది, మీకు అదీ లేదు. ఆ పూట పాలు పొయ్యి మీద పెట్టిన విషయం మీ మెదడు మర్చిపోలేదు. అసలు నమోదే చేసుకోలేదు. స్కూటీ ఎక్కడ పెట్టారో ఆ క్షణంలో చూసి ఉంటే కదా తర్వాత గుర్తుండటానికి.

అమ్మగారి మతిమరుపు తీరు ఇది కాదు. తాళాలు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం అందరికీ ఉంటుంది. తాళంచెవి చేతిలో పట్టుకుని ఇది ఎందుకో తెలియకపోతే అది వేరే విషయం. ఆ జబ్బులో అడిగిన ప్రశ్నే పది నిమిషాలకోసారి అడుగుతారు, అడిగామన్న స్పృహ ఉండదు. చాలాసార్లు మనిషి కంటే ముందు ఇంట్లోవాళ్లు గమనిస్తారు. మీ విషయంలో గమనించింది మీరు ఒక్కరే. మీ వారికి డైరీ చూపిస్తే ఆశ్చర్యపోయారని రాశారు. ఇది పూర్తి భరోసా అని అనను. కానీ బరువు ఆ వైపే మొగ్గుతోంది.

అయితే 19వ నంబరు దగ్గర నా పెన్సిల్ ఆగింది. "స్కూలు నుంచి వస్తూ ఒక నిమిషంపాటు ఏ సందులోకి తిరగాలో తెలియలేదు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి" అని రాశారు. పైన తేదీ చూస్తే శనివారం. శనివారాలు ఉపవాసం, ఒక్కపూటే భోజనం అని రెండో పేజీలో చెప్పారు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే ఉదయం వేసుకున్నారు. మీరు అన్నం తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ షుగర్ తగ్గిస్తూనే ఉంటుంది. కడుపులో ఏమీ లేకపోతే షుగర్ బాగా పడిపోతుంది, మెదడుకి అందాల్సిన గ్లూకోజ్ అందదు. చెమట, వణుకు, అయోమయం దాని లక్షణాలే. రోడ్డు మీద స్కూటీ నడుపుతూ అలా అయితే ప్రాణానికే ముప్పు. నా ఊహ తప్పు కావచ్చు, కానీ ఇది నెలాఖరు దాకా ఆగే పని కాదు. ఈ వారమే మీ షుగర్ డాక్టరుకి చెప్పండి. ఉపవాసం ఉండి ఆ రోజు మోతాదు ఎలా మార్చాలో ఆయన్ని అడగొచ్చు, మందే మార్చమనొచ్చు, లేదా ఒంటిపూట మానేసి వేరే విధంగా మొక్కు చెల్లించుకోవచ్చు. ఏది ఎంచుకున్నా పర్సులో గ్లూకోజ్ పొట్లమో నాలుగు చక్కెర బిళ్లలో ఉండాలి. ఆ మాత్ర మీద ఉండి, చెప్పకుండా ఉపవాసం చేయడం ఒక్కటి మాత్రం కుదరదు.

ఇక జీన్ టెస్టు. అమ్మకి లక్షణాలు డెబ్బై దాటాక మొదలయ్యాయి. ఒకే ఒక్క జన్యువు లోపంతో తల్లి నుంచి బిడ్డకి వచ్చే రకం చాలా అరుదు, అది సాధారణంగా ముప్పైల నుంచి యాభైల మధ్యలోనే బయటపడుతుంది. ప్రైవేటు ల్యాబుల్లో చేసేది ఎక్కువగా ఏపీఓఈ జన్యువు పరీక్ష. అందులో ఈ4 అనే రకం ఉంటే ముప్పు పెరుగుతుంది. ఉన్నవాళ్లలో జబ్బు రానివాళ్లూ ఉన్నారు, లేనివాళ్లలో వచ్చినవాళ్లూ ఉన్నారు. చేయించుకోవద్దని నేను చెప్పను. ఆ కాగితం మీద "ఉంది" అని వస్తే రేపటి నుంచి మీరు చేసేది ఏం మారుతుందో ముందే ఆలోచించుకోండి. బీపీ మాత్ర అప్పుడూ వేసుకోవాల్సిందే, ఇప్పుడూ వేసుకోవాల్సిందే. మారేది మీ నిద్ర, అదీ చెడుగానే. కొందరికి తెలియకపోవడమే పెద్ద టెన్షన్, అలాంటివాళ్లు ముందు న్యూరాలజిస్టుతో మాట్లాడి అప్పుడు నిర్ణయించుకుంటే మంచిది.

దానికి పెట్టే డబ్బులో చిన్న భాగంతో అంతకంటే పనికొచ్చే పరీక్షలున్నాయి. మొదటిది బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది. శాకాహారుల్లో అసలే తక్కువ, మీకు పాలూ పెరుగూ తప్ప వేరే దారి లేదు. మెట్‌ఫార్మిన్, శాకాహారం, మీకు రెండూ ఉన్నాయి. బి12 బాగా తగ్గితే మతిమరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం వస్తాయి, అందిస్తే చాలావరకు తగ్గుతాయి. తిమ్మిర్ల సంగతి మీరు ఆరో పేజీ చివర, ఏదో మాటవరసకి అన్నట్టు రాశారు. మాటవరసకి అన్నవాటిలోనే నాకు ఎక్కువ సమాచారం దొరుకుతుంది! రెండోది థైరాయిడ్. దాంతోపాటు మూడు నెలల షుగర్ సగటు, కిడ్నీ పరీక్ష, రక్తహీనత. మీరు గురక పెడతారని మీ వారు అంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో కూడా చూడాలి. నెలసరి ఆగిపోయే ఈ దశలో చాలామంది ఆడవాళ్లకి మాట అందకపోవడం, ధ్యాస చెదరడం ఉంటుంది, ఎక్కువమందిలో కొంతకాలానికి సర్దుకుంటుంది. ఆవిర్ల వల్ల నిద్ర చెడుతుంటే దానికీ వైద్యం ఉంది. గైనకాలజిస్టుతో చెప్పడానికి సిగ్గుపడకండి.

నిద్రమాత్ర గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. మీరు రాసిన పేరు ఆల్ప్రజోలం. అది జ్ఞాపకం మీద నేరుగా దెబ్బ కొట్టే మందు. మర్నాడు ఉదయం ఆ మత్తు పూర్తిగా దిగదు. మీ 14 ఉదయాల్లో దాని వాటా ఎంతుందో నాకు అనుమానమే. జ్ఞాపకశక్తి పొడి ఒక చేత్తో, జ్ఞాపకాన్ని మబ్బు పట్టించే మాత్ర ఇంకో చేత్తో వేసుకుంటున్నారన్న మాట. అలాగని ఇవాళే ఠక్కున మానేయకండి. ఏడాదిగా వాడుతున్నారు కాబట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి, లేకపోతే నిద్ర ఇంకా పాడై, ఆందోళన పెరిగి, మళ్లీ దానికే వెళతారు. ఆ షాపతను మంచివాడే అయి ఉండొచ్చు. చీటీ లేకుండా ఇవ్వకూడని మందు అది.

పొడి సంగతంటే, ఆ డబ్బాలో ఏముందో నేను చూడలేదు, నచ్చితే ఒట్టి పాలల్లా తాగండి. కానీ దాన్ని నమ్ముకుని బీపీ మాత్ర ఆపకండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ నివేదిక డిమెన్షియాకి, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులకి దారితీసే, మనం మార్చుకోగల అంశాలు 14 చెప్పింది. ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులు ఈ 14తో ముడిపడి ఉన్నాయని లెక్క కట్టింది. బీపీ, షుగర్, చెడ్డ కొవ్వు, కదలకపోవడం, ఊబకాయం, డిప్రెషన్, ఒంటరితనం, వినికిడి లోపం, చూపు లోపం, పొగ, మద్యం, తలకి దెబ్బ, కలుషిత గాలి, చదువు లేకపోవడం. ఇందులో ఏ పొడీ లేదు. ఒక్కసారి చూస్తే మెదడు జాబితాలా ఉండదు, ఒంటి జాబితాలా ఉంటుంది. బీపీ "తగ్గినట్టు అనిపించడం" అన్నది లేదు. బీపీ పెరిగినా తగ్గినా చాలామందికి ఏమీ అనిపించదు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే తగ్గింది. ఒక మిషన్ కొనుక్కుని వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి అదే డైరీలో రాయండి. హెల్మెట్ కూడా జాబితాలోదే, రైతుబజారు దగ్గరే కదా అని వదిలేయకండి.

వాకింగ్ తొమ్మిదో రోజు ఆగిపోయిందని బాధపడ్డారు. ఐదు గంటలు నిద్రపోయే మనిషి నాలుగున్నరకి లేచి నడవడం మొదలెడితే తొమ్మిది రోజులు సాగడమే ఎక్కువ. నిద్ర కోసి నడక కొనుక్కోకండి. స్కూలు నాలుగున్నరకి వదులుతారు. గ్రౌండు చుట్టూ పీఈటీ మాస్టారు సున్నం గీసిన ట్రాక్ ఉందని మీరే రాశారు. బడి గంట కొట్టాక, స్కూటీ తాళం తీసే ముందు, లెక్కల టీచరునో ఎవర్నో వెంటేసుకుని ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం లంచ్ తర్వాత వరండాలో పది నిమిషాలు, భోజనం చేశాక నడిస్తే షుగర్ కూడా అంత ఎగబాకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలు అంటుంది, ఒకేసారి చేయాలని రూలేమీ లేదు. మాట్లాడగలగాలి, పద్యం పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకి పని: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఎత్తి దించడం. అమ్మని మంచం మీద నుంచి లేపే నడుముకి ఇది అవసరం కూడా.

తిండి దగ్గర ఎక్కువసేపు ఆగను, మీరు తినేది చాలావరకు బాగానే ఉంది. రెండు మాటలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలంది. మన పళ్లెంలో సగం కంటే ఎక్కువ అన్నమే. కూరలో అన్నం కలుపుకున్నట్టు తినండి, అన్నంలో కూర కాదు. రెండోది ఉప్పు. రోజుకి మొత్తం 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటొద్దంటారు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ మూడూ ఒకే పూట పడితే ఆ చెంచా అక్కడే నిండుతుంది. ఆవకాయ మానమని నేను గోదావరి మనిషికి చెప్పను, నాకూ ప్రాణం మీద తీపి ఉంది. మూడింటిలో పూటకి ఒకటి.

పజిల్స్ యాప్ వల్ల పజిల్స్ బాగా వస్తాయి. అంతకుమించి ఆశ పెట్టుకోకండి. మెదడుకి నిజంగా మేత పెట్టేది మనుషులతో మాట, కొత్తది నేర్చుకోవడం. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని వాళ్లలో కూడా తేడా కనిపించింది. ఇప్పుడు స్పానిష్ నేర్చుకుంటే జబ్బు ఆగుతుందని దానర్థం కాదు. మెదడు జీవితమంతా దేనితో పెనుగులాడిందో అది లెక్కలోకి వస్తుందేమో అని. పద్యాలు, ఛందస్సు, నలభై మంది పిల్లల్ని ఒకేసారి అదుపులో పెట్టడం, మీ మెదడుకి పని తక్కువ కాలేదు. మానుకున్నది మాత్రం ఒకటుంది. శుక్రవారం సాయంత్రం గుడిలో భజన బృందానికి వెళ్లేదాన్ని, అమ్మ వచ్చాక మానేశాను అన్నారు. యాప్ తీసేసి ఆ శుక్రవారం వెనక్కి తెచ్చుకోండి.

తెచ్చుకోవాలంటే ఆ రెండు గంటలు అమ్మ దగ్గర ఎవరుంటారు? అసలు చిక్కు ఇక్కడుంది. మీ మూడో ప్రశ్న నిజానికి మొదటి ప్రశ్నే.

తమ్ముడు "హోమ్" అన్నాడు, మీరు "చచ్చినా సరే" అన్నారు, మాట అక్కడ తెగిపోయింది. మధ్యలో చాలా ఉంది. ఒకటి, రాత్రికి మనిషిని పెట్టుకోవడం. వారంలో మూడు రాత్రులైనా సరే. డబ్బు తమ్ముడు పంపుతున్నాడు కాబట్టి ఇది తొందరగా కుదిరేది. కొత్త మనిషితో అమ్మ మొదట్లో పేచీ పెడుతుంది, పదిహేను రోజులు ఓపిక పట్టాలి, మంచి మనిషి దొరకడమూ అదృష్టమే. రెండు, అమ్మని ఆర్నెల్లు తమ్ముడింట్లో ఉంచడం. మీకు విరామం దొరుకుతుంది, కానీ ఈ జబ్బులో చోటు మారితే అయోమయం పెరుగుతుంది, అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపులు ఆవిడకి గడియ తలుపు కంటే కష్టం. మూడు, అమ్మ కదలకుండా తమ్ముడు కదలడం. రెండు నెలలకోసారి పది రోజులు అతను వచ్చి అక్కడి నుంచే పని చేసుకోవడం. మేలో ఇది పని చేసిందని మీ డైరీయే చెబుతోంది. అతనికి ఇబ్బందే, మరదలు ఏమంటుందో నాకు తెలియదు. నాలుగు, హోమ్. ఇవాళ కాకపోవచ్చు. అమ్మ పడిపోవడమో, మీరు మంచాన పడటమో జరిగితే అప్పుడు కంగారులో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. ఇప్పుడే ఇద్దరూ కలిసి రెండు మూడు చూసి రండి. చూసినంత మాత్రాన చేర్పించినట్టు కాదు. 2007 నాటి చట్టం కూడా తల్లిదండ్రుల బాధ్యతని కొడుకూ కూతురూ ఇద్దరి మీదా పెట్టింది. తమ్ముడిని అడగడం అంటే చేయి చాచడం కాదు.

అతనితో మాట్లాడేటప్పుడు "నాకు అలసటగా ఉంది" అనకండి, మూడేళ్లుగా అదే అంటున్నారు, అతనికి అలవాటైపోయింది. డైరీ ముందు పెట్టండి. బ్రిటన్‌లో దాదాపు 8 వేల మందిని 25 ఏళ్లు గమనించిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. యాభై, అరవైల్లో రాత్రికి ఆరు గంటలు, అంతకు తక్కువ పడుకునేవాళ్లకి ఏడు గంటలు పడుకునేవాళ్ల కంటే డిమెన్షియా ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇది మీకు ఇంకో భయం పెట్టడానికి చెప్పడం లేదు. తమ్ముడికి చెప్పడానికి.

అమ్మ రాత్రులు కూడా మార్చలేనివి కావు. పగలు ఎంతసేపు పడుకుంటోందో చూడండి, మధ్యాహ్నం కునుకు అరగంటకి తగ్గించి ఉదయం ఎండలో వాకిట్లో కూర్చోబెట్టండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ వద్దు. హఠాత్తుగా ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, నొప్పో ఉండొచ్చు, చెప్పుకోలేరు కాబట్టి తలుపు దగ్గరికి పోతారు. "మా ఇంటికి పోతాను" అన్నప్పుడు "ఇదే మన ఇల్లు" అని వాదించకండి. "పొద్దున్నే పోదాం, మీ ఇంట్లో ఏం చెట్టుండేది?" అని అడిగి చూడండి. ఆ చెట్టు గురించి చెబుతూ మళ్లీ పడుకుండిపోయే రాత్రులూ ఉంటాయి. అన్ని రాత్రులూ కాదు. పెద్దల విషయంలో సాయానికి 14567, మీకే మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416, రెండూ ప్రభుత్వ ఉచిత నంబర్లే, తెలుగులో మాట్లాడతారు.

పరీక్షలన్నీ బాగానే ఉండి, నిద్ర కుదిరి, ఆ మాత్ర మానేశాక కూడా మూడు నాలుగు నెలల్లో డైరీ ఇలాగే నిండుతుంటే అప్పుడు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకోండి. దారి తప్పడం మళ్లీ జరిగినా, పక్కవాళ్లు గమనించడం మొదలెట్టినా అంతవరకు ఆగొద్దు.

ఉదయం పూటకి ఒక చిన్న మాట: పాలు పెట్టినప్పుడు ఫోన్లో పది నిమిషాల అలారం. స్కూటీ ఆపినప్పుడు "కొబ్బరిబోండాల బండి ఎదురుగా పెట్టాను" అని పైకి ఒకసారి అనుకోండి. డాక్టరు దగ్గరికి డైరీ తీసుకెళ్లడం మర్చిపోకండి. 21, 22 నంబర్ల మీద కాఫీ ఒలికి అక్షరాలు అలుక్కుపోయాయి, ఫోటోలో నాకూ సగమే తెలిసింది. ఆ రెండూ తిరగరాసి తీసుకెళ్లండి, పక్కన ఆ ముందు రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో కూడా.